మడత కుట్టిన పట్టీ

నాలుగో తారీఖు, ఉదయం

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం ఇక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను. ఈ మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. కొట్టివేత చూసి హడలిపోకు. ఈ నిమిషానికి ఇద్దరం ఊపిరి పీలుస్తూనే ఉన్నాం. మీ నాన్న ముందుగదిలో మిషను తొక్కుతున్నారు. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపే నా కలం నడుస్తుంది. ఆగిందంటే లేచి, తొంగిచూసి, వచ్చి మళ్ళీ మొదలుపెడతాను. అందుకని ఒక మాటకూ ఇంకో మాటకూ అతుకు లేకపోతే సర్దుకుని చదువుకో.

రెండు సంగతులు ముందే చెబుతున్నాను. ఇది నిలబడి చదవకు, కూర్చో. చివరిదాకా చదవకుండా ఫోను చెయ్యకు. ఫోను ఎప్పటిలాగే కత్తిరింపుల బల్ల మీద ఉంటుంది. సరిగ్గా వినబడదని ఆయన స్పీకరు పెడతారు. నువ్వక్కడ తుమ్మితే ఇక్కడ వీధి చివర చెప్పులు కుట్టే అతను "అమ్మాయికి జలుబా?" అని అడుగుతాడు. నేను చెప్పవలసింది అలా చెప్పేది కాదు. రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి పాలు పొంగుతున్నాయని పెట్టేశాను. ఇంకోసారి నువ్వే "ఏంటమ్మా, గొంతు అలా ఉంది?" అన్నావు, పడిశమన్నాను. పాలూ పొంగలేదు, పడిశమూ లేదు.

నీకు దగ్గు తగ్గిందని రాశావు. ఎంత తగ్గిందో రాయలేదు. పూర్తిగా తగ్గిందా, పగలు తగ్గి రాత్రి వస్తోందా? నువ్వు ఆ నల్లసిరా కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా? పెన్సిల్ ములుకులో ఉండేదే, విషం కాదు అన్నావు. నిజమే కావచ్చు, కానీ పెన్సిలును ఎవరూ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కదా. సిరా ఆరబెట్టే ఆ వేడి పెట్టె దగ్గర జుట్టు విరబోసుకుని నిలబడకు. రోలర్ల మధ్య వేళ్ళు పెట్టకు. నేను చూడని చోట నువ్వు చేసే ప్రతి పనీ నాకు కళ్ళముందు కనిపిస్తుంది, ఏం చెయ్యను.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. అందులో ఉన్నది నాకు కంఠతా వచ్చేసింది. "నాన్న గుండె అప్పుడప్పుడు నాలుగేసి సెకన్లు ఆగి మళ్ళీ కొట్టుకుంటోంది. ఐదు నిమిషాల ఆసుపత్రి పరీక్షలో ఇది దొరకదు. రోజుల తరబడి ఒంటిమీద ఉన్న పట్టీ కాబట్టి పట్టుకుంది. గుండె డాక్టరు గ్రాఫు చూశారు. ఆలస్యం చేస్తే ఏదో ఒక రోజు ఆగింది ఆగినట్టే ఉండిపోవచ్చట. పన్నెండో తారీఖున పేస్‌మేకర్ పెడతారు." ఇక్కడి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాం. ఆయన గుండె కాగితం తీసి "గీతలు శుభ్రంగా ఉన్నాయి, కానీ మీ అమ్మాయి చెప్పిందీ నిజమే, ఇందులో దొరక్కపోవచ్చు. వెళ్ళండి" అన్నాడు. ఆ ఒక్క డాక్టరైనా వద్దంటాడని ఆశపడ్డాను. ఎందుకు ఆశపడ్డానో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

నీ ఉత్తరం ఆయనకు నేనే చదివి వినిపించాను. కొన్ని మాటలు మింగేసి చదివాను. ఆయన కత్తెర కింద పెట్టి చాలాసేపు నా మొహం చూశారు. "ఆ మూడు రోజుల్లోనే దొరికిందా?" అన్నారు. "అవునండీ" అన్నాను. "సరే, వెళ్దాం" అన్నారు. అంతే. ఒంటికి గుడ్డపట్టీ చుట్టుకోనని ఇల్లు పీకి పందిరేసిన మనిషి, ఛాతీ కోస్తారంటే సరేనన్నారు! మర్నాడు నువ్వు ఫోనులో "వస్తున్నావు కదా నాన్నా?" అన్నప్పుడు కూడా విన్నావు కదా, "వస్తాం" అన్నారు.

అప్పటినుంచి మనిషి మారిపోయారు. అదే నన్ను చంపుతోంది. కొత్త గుడ్డ ఒక్కటీ తీసుకోవడం లేదు. ఒప్పుకున్న చొక్కాలు తొందరగా పూర్తిచేసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నారు. మిగిలిన గుడ్డలు మడత పెట్టి, చీటీలు గుచ్చి తిప్పి పంపేస్తున్నారు. దుకాణంలో గిరాకీల కోసం ఉన్న ఎత్తు స్టూలు తెచ్చి నా పొయ్యి పక్కన వేశారు. "నిలబడి వండాలని రూలేం లేదు, కూర్చో" అన్నారు. కుళాయి దగ్గర బిందె నన్ను ఎత్తనివ్వరు. ఆ గుండెతో నీళ్ళు మోస్తారా అని నేను చెయ్యి పట్టుకు లాగితే, "వదులు. ఎవరి కొలత ఎంతో నాకు తెలుసు" అని విదిలించుకుని మోసుకెళ్ళారు. వెనకనుంచి చూస్తూ ప్రతి అడుగుకీ పడిపోతారేమోనని నిలబడ్డాను. మొన్న కూర్చుని నా చెప్పుల పట్టీ కుట్టారు. పోయేవాళ్ళే ఇలా ఒక్కొక్క పనీ ముగించుకుంటారని నా భయం. నిద్రలో ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఒకసారి మెలకువ వచ్చి, "ఏమే, నా మీసం కొలుస్తున్నావా?" అన్నారు. నవ్వలేకపోయాను.

పట్టీ గురించి నువ్వు కాగితం మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. నలుపు ఒంటికి అంటుతోందా అన్నావు. లేదు. తెల్లగుడ్డతో తుడిచి చూశాను, మరక పడలేదు. చెమటకు దురద ఉందా అన్నావు. పొయ్యి దగ్గర నిలబడితే ఎడమ పక్కన కొంచెం. పొద్దున చుట్టుకోగానే చల్లగా ఉంటుంది, రెండు నిమిషాల్లో ఒంటి వేడికి వచ్చేస్తుంది. తర్వాత ఉందన్న ధ్యాసే ఉండదు. పై అరలో డబ్బా కోసం చేతులెత్తితే వేలెడు పైకి జరుగుతుంది, చేతులు దింపితే తనే కిందికొస్తుంది. రోజూ పొద్దున ఆరింటికి అరగంటసేపు సిగ్నల్ పోతోందేమిటన్నావు. నీళ్ళ కుళాయి ఆ మలుపు అవతల ఉంది, పట్టీ సిగ్నల్ అందుకుని నీకు పంపడానికి కిటికీలో పెట్టి వెళ్ళావే, ఆ పెట్టెకు అంత దూరం అందదనుకుంటాను. కుడి చివర ఎక్కడైనా మడత పడిందా, అక్కడ సిగ్నల్ కాస్త మందంగా ఉంది అన్నావు.

పడింది. నాలుగు వేళ్ళ మడత. పడలేదు, నేనే వేశాను.

ఇప్పుడైనా నీకేమైనా తట్టిందా తల్లీ? మీ నాన్నకు పొయ్యి దగ్గర పనేమిటి, పై అర డబ్బాలతో పనేమిటి, ఆరింటికి కుళాయి దగ్గర పనేమిటి అని? నీకు తట్టదు. మీ అమ్మ నీతో అబద్ధమాడుతుందని నీకు ఎలా తడుతుంది.

ఆ పట్టీ వచ్చిన రోజు గుర్తుందా? నువ్వే చేత్తో పట్టుకుని తెచ్చావు. తెల్లటి పట్టీ, మధ్యలో నల్లగా మెలికలు తిరిగిన గీత. "రాగితీగ అయితే వంగి వంగి తెగిపోతుంది నాన్నా. ఇది గ్రాఫీన్. పెన్సిల్ ములుకులోని పదార్థాన్నే కంటికి కనిపించనంత పల్చటి రేకులుగా విడదీసి సిరా చేస్తాం. మీరు సంచుల మీద బొమ్మ అచ్చు వేయిస్తారే, అలాగే జల్లెడ మీద సిరా పోసి గుడ్డ మీదకి లాగుతాం. ఆరాక రోలర్ల మధ్య నొక్కితే రేకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని కరెంటుకు దారి ఇస్తాయి. గుండె చప్పుడు పట్టుకునేదీ ఇదే, గాల్లోకి పంపే యాంటెనా కూడా ఇదే" అని ఎంత ముచ్చటగా చెప్పావో. నీ కళ్ళు వెలిగిపోతుంటే నాకు కడుపు నిండిపోయింది. ఆయనేమో పట్టీని వెలుగులోకి పెట్టి చూసి, "అంటే మసి పూసి ఇస్త్రీ పెట్టారన్నమాట" అన్నారు. నువ్వు నవ్వావు. నీ ముందు రెండు రోజులు బుద్ధిగా వేసుకున్నారు.

నువ్వు వెళ్ళిన మర్నాడు, అంటే మూడో రోజు, పీకి పడేశారు. "నేనేమన్నా తప్పిపోయే గొడ్డునా, మెడలో గంట కట్టడానికి? నా గుండె ఎప్పుడెలా కొట్టుకుంటుందో ఎక్కడో కూర్చున్న నలుగురు చూడటమేంటి? అమ్మాయికి చెప్పు, నాకొద్దని." నేను బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. "మళ్ళీ ఎత్తావంటే కత్తెర పెట్టి రెండు ముక్కలు చేస్తా" అన్నారు. చేస్తారు కూడా, నీకు తెలుసు.

ఆ సాయంత్రమే నీ ఫోను. ఆయన చొక్కాలు ఇచ్చిరావడానికి వెళ్ళారు. చెబుదామనే ఎత్తాను. నేను నోరు తెరిచేలోపే నువ్వు మొదలుపెట్టావు. "అమ్మా, పరీక్షకు పట్టీ కట్టుకున్న ఆరుగురిలో ఇద్దరు అప్పుడే తీసేశారు. మూడోవాళ్ళు కూడా తీసేస్తే ఈ పని ఆపేస్తామన్నారు మా మేడమ్. నా ఉద్యోగం కూడా దీంతోపాటే. నాన్న ఒక్కడే నాకు ధైర్యం. రెండు గంటలనుంచి సిగ్నల్ రావట్లేదు, ఏమైంది?" "స్నానానికి తీశారమ్మా, ఇప్పుడే వేసుకుంటారు" అన్నాను. ఫోను పెట్టేసి, వెనకగదిలో తలుపు గడియ పెట్టి, నేను చుట్టుకున్నాను.

ఇదే, తల్లీ. ఇదే నేను చెప్పలేకపోయినది. ఒక్క సాయంత్రం కోసమనుకున్నాను. ఆయన కోపం తగ్గితే మళ్ళీ ఆయనకే కడదామనుకున్నాను. ఇవాళ్టికి యాభై ఒక్క రోజులు. నువ్వు నాన్న గుండె అని చూస్తున్నది నా గుండె. ఆయన ఛాతీ కొలతకు చేసిన పట్టీ నాకు జారిపోతుంటే, కుడి చివర నాలుగు వేళ్ళు మడిచి కుట్టాను. నల్ల గీత మీదుగానే సూది పోయింది. ఆ రాత్రంతా నీ పని చెడగొట్టానని ఏడ్చాను. మర్నాడు నువ్వు "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నావు. ఫోనులో పట్టీ మాటెత్తకు, నాన్నకు సిగ్గు, కాగితం మీద అడుగు అని నీకు చెప్పింది కూడా ఇందుకే.

నీ ఉత్తరం రాగానే ఒకే ఒక్క ఆశ పట్టుకున్నాను. ఆ ఆగడాలూ గీగడాలూ గుండెవి కావు, నా మొద్దు కుట్టువల్ల వచ్చినవి అని. గీత తెగింది, అందుకే మధ్యమధ్యలో చప్పుడు అందలేదు అని. కానీ నువ్వు ఆ ఉత్తరంలోనే రాశావు. "మడత పడినా భయం లేదమ్మా, ఈ సిరా మడిచినా మెలిపెట్టినా తెగదు. వేలసార్లు వంచి చూశాం. మడతవల్ల సిగ్నల్ మందగిస్తుంది కానీ గుండె ఆగినట్టు చూపించదు." నువ్వు ఎంత గర్వంగా రాశావో ఆ వాక్యం! అది చదివాక ఆ ఒక్క ఆశా పోయింది.

ఆగిన వేళలు కూడా రాశావు. మంగళవారం తెల్లవారి ఐదూ పది. ఆ రోజు పొయ్యి ముందే నిలబడి ఉన్నాను. చూస్తుండగానే పాలన్నీ పొంగి మంట ఆరిపోయింది, నాకు తెలియలేదు. వయసు, పరధ్యానం అనుకున్నాను. గురువారం పదకొండూ నలభై. పెరటి గుమ్మం దగ్గర బకెట్టు దొర్లుతున్న చప్పుడుకు కళ్ళు తెరిచాను, మెట్టు మీద పడి ఉన్నాను. కాలు జారిందనుకున్నాను. ఆదివారం సాయంత్రం ఆరూ పావు. ఆయనతో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోయానట. "ఏమే, తర్వాత?" అన్నారు. ఏం చెబుతున్నానో గుర్తు రాలేదు. నీ కాగితం ఒక చేత్తో, నా బతుకు ఇంకో చేత్తో పట్టుకుని సరిచూసుకున్నాను పిచ్చుకా. ఒక్కటి కూడా తప్పలేదు.

ఇప్పుడు ఏం చెయ్యను చెప్పు. చెబితే నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే గుండె జబ్బే లేని మనిషికి ఛాతీ కోస్తారు. ముందు పరీక్షలు చేస్తారంటావు. పరీక్షలో దొరకని జబ్బని నువ్వే రాశావు కదా, ఇక వాళ్ళు దేన్ని చూసి ఆపుతారు? పదకొండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. ఎలాంటి ఆడదాన్ని నేను? పొద్దున లేవగానే ఇవాళ చెబుతానంటాను, మధ్యాహ్నానికి రేపంటాను. ఈలోపు ఆయన నా కోసం నీళ్ళు మోస్తున్నారు.

ఇంకో మాట. ఇది రాయకూడదనుకున్నాను. నాకు భయంగా ఉంది. పెద్దవాళ్ళు చావంటే భయం లేదంటారు చూడు, ఎలా అంటారో నాకు తెలియదు. నాకు బతకాలని ఉంది. నీకు ఆ దగ్గు తగ్గిందో లేదో తెలుసుకోకుండా ఎలా పోతాను? ఆయనకు సూదులు ఎక్కడున్నాయో తెలుసు కానీ ఆయన మాత్రలు ఎక్కడున్నాయో తెలియదు. పట్టీ తీసేస్తే ఆగినా తెలియదు కదా అని ఒకసారి తీసేశాను. నాలుగు సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేక మళ్ళీ కట్టుకున్నాను. కట్టుకుంటే నువ్వక్కడ నా వైపు చూస్తున్నట్టుంటుంది. నాన్న అనుకుంటూ చూస్తున్నావు, అయినా సరే.

మీ మేడమ్‌కు ఈ ఉత్తరం చూపించు. నాలుగో తరగతితో బడి మానేసిన ముసలిది, బుద్ధిలేక చేసింది, అమ్మాయికి తెలియదు అని చెప్పు. పట్టీ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదమ్మా. అన్నీ నేనే చెప్పాను. తల వంచుకుని నిలబడమంటే వచ్చి

ఆపేశాను. మిషను చప్పుడు ఆగి చాలాసేపైందని ఆ మాట రాస్తుంటే తెలిసింది. నా గోడులో పడి వినిపించుకోలేదు. కలం ఎక్కడ పడేశానో తెలియదు, పరిగెత్తాను. నేలమీద చూశాను ముందు. ఎందుకంటే పదకొండు రోజులుగా ఆయన్ని నేలమీదే ఊహించుకుంటున్నాను.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. కళ్ళద్దాలు ముక్కు చివరకు జారాయి. ఒళ్ళో పట్టీ ఉంది. పొద్దున స్నానానికి తీసి పీలికల సంచి అడుగున దాచిన పట్టీ. నా మడత విప్పేశారు. నల్లగీత ఎక్కడా తెగలేదు, నా సూది పోయిన రెండు కన్నాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆయన గీతను ముట్టుకోకుండా, అటూ ఇటూ తెల్లగుడ్డ మీద మాత్రమే సన్నటి కుట్టు వేస్తున్నారు.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"పీలికల సంచిలో. దాచడం కూడా రాదు నీకు."

"ఎప్పుడు?"

"నువ్వు చదువుతుంటేనే అనుమానం వచ్చింది. ఉత్తరం వచ్చిన మర్నాడు వెతికా. నువ్వు మింగేసిన ముక్కలు కూడా చదివా. మూడు రోజులు కట్టుకున్న పట్టీలో గురువారాలు, ఆదివారాలు ఎన్నొస్తాయే? ఇక ఈ కుట్టు చూశాక అడగాల్సిన పనేముంది? కోడి కెలికినట్టుంది. ఈ ఇంట్లో ఇలా కుట్టేది నువ్వు ఒక్కదానివే."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే తీసి పొయ్యిలో పడేద్దువు. నీకు ఒంట్లో బాలేదు, పదవే అంటే 'నాకేం, రాయిలా ఉన్నా' అంటావు. రేపంటావు, ఎల్లుండంటావు. నాకని అన్నాననుకో, సంచి సర్ది నువ్వే ముందు బండెక్కి కూర్చుంటావు. ఎలాగో అక్కడిదాకా చేరిస్తే, ఇదిగో రోగి అని డాక్టరుకు నిన్ను చూపిద్దామనుకున్నా."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆయన టేపు తీశారు. "లే. చేతులెత్తు" అన్నారు, గిరాకీతో అన్నట్టే. ఎత్తాను. టేపు నా చుట్టూ తిప్పి చదివారు. "రెండు అంగుళాలు తగ్గిపోయావు. నా కళ్ళముందే" అన్నారు. సూదిలో దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి తప్పడం నేను చూడలేదు. సూది నా చేతికిచ్చి, "నువ్వు ఎక్కించు" అని కిటికీ వైపు తిరిగిపోయారు. ఎక్కించి ఇచ్చాను.

ఇప్పుడు పట్టీ నా ఒంటిమీద ఉంది. ఎక్కడా ముడత లేదు, గుచ్చుకోవడం లేదు. ఆయన పొయ్యి దగ్గర టీ పెడుతున్నారు, మాడిన వాసన వస్తోంది, పోనీ. ఈ ఉత్తరం ఆయనే తీసుకెళ్ళి పోస్టు చేస్తానన్నారు. నాకు భయం పోలేదు తల్లీ, అలా అనుకోకు. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో ఆగి, గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. నీ ఉద్యోగం మాట తలుచుకోకుండా ఉండలేకపోతున్నాను. తిట్టాలనుంటే తిట్టు, స్పీకరులోనే తిట్టు, వీధంతా విననీ. కానీ ఆ గ్రాఫు వైపు చూడటం మానకు.

పన్నెండో తారీఖు మార్చొద్దని నాన్న చెప్పమన్నారు. ఆసుపత్రి కాగితంలో పేరు మాత్రం మార్చు.

ఇట్లు,
నీ గ్రాఫులో ఇన్నాళ్ళూ నాన్నగా కొట్టుకున్న
మీ అమ్మ